కరిసల మన్ను బిళ్ళలు

తమిళ ఆడి నెల, రెండో ఆదివారం, సాయంత్రం. విరుదునగరులో మా ఇల్లు. ఉన్నవాళ్ళు: నేను, కోవిల్‌పట్టి నుంచి వచ్చిన మా తమ్ముడు, అతని కూతురు, ఆమె భర్త.

ముందు తేదీ, తరువాత ఉన్నవాళ్ళు, ఆ తరువాతే జరిగిన సంగతి. డైరీ రాయడంలో చిన్ననాటి నుంచీ నా వరుస ఇదే. ఆ రోజు మాత్రం పై రెండు వరుసలు రాశాక కలం ముందుకు సాగలేదు.

తమ్ముడి కూతురు ఇక్కడే బ్యాంకులో పని చేస్తుంది, కాపురం కూడా మా వీధిలోనే. నా మోకాళ్ళు పట్టేసి నేను గడప దాటడం మానుకున్నప్పటి నుంచీ, మొగుడూ పెళ్ళామూ పొద్దువాలేసరికి పేక ముక్కలు తీసుకుని వస్తారు. ఆ ఆదివారం అల్లుడు నల్లని పెట్టె ఒకటి తెచ్చి తెరిచాడు. లోపల ఎరుపు, తెలుపు, నలుపు రంగుల్లో గుండ్రని బిళ్ళలు వరుసగా పేర్చి ఉన్నాయి. ఆటలో పందెం కాసేందుకట. "అచ్చం మట్టి బిళ్ళల మాదిరే చేస్తారు పెద్దమ్మా, పట్టుకుని చూడండి" అన్నాడు. పట్టుకుని చూశాను. బరువు ఉంది కాని వాసన లేదు.

"మా అక్క చేసిన బిళ్ళల ముందర ఇవి యాడ నిలుస్తాయి? అవి నీళ్ళు కూడా తాగేవి" అని తమ్ముడు నవ్వాడు. ఆ నవ్వులోనే నోరు జారి, "అది సరి, కోయంబత్తూరు ఆర్డరుకు ఏం బదులు చెప్పినావు పాపా?" అని కూతుర్ని అడిగేశాడు. ఆమె తల ఎత్తకుండా, "నాయినా, నువ్వు ముక్క వెయ్యి ముందు" అంది. అప్పుడు తెలిసింది నాకు, ఆమెకు పై ఉద్యోగం ఇచ్చి కోయంబత్తూరుకు రమ్మన్నారని, నా మూలంగా బదులు రాయకుండా వాయిదా వేస్తున్నదని. అదేమీ విననట్టే నేనూ ముక్క వేశాను. కాని చేతిలో ఉన్న నల్లబిళ్ళ నన్ను కోవిల్‌పట్టిలోని మా పాత ఇంటికి తీసుకుపోయింది.

మా నాయిన పత్తి మిల్లులో మేస్త్రీ. నా స్కూలు చదువు ముగిసిన ఏడు, మూటల మీంచి పడి తుంటి విరిగి మంచాన పడ్డాడు. ఊరంతా తిరిగే మనిషి, సాయంత్రమైతే స్నేహితులతో పేక ఆడకుండా అన్నం తినని మనిషి, ఒక్కసారిగా నాలుగు గోడల మధ్య చిక్కుకుపోయాడు. ఆయనతో పాటు మేమూ చిక్కుకున్నాము. ముక్కలు ఇంటికే తెప్పించుకుని అమ్మనూ, నన్నూ, తమ్ముణ్ణీ మంచం చుట్టూ కూర్చోబెట్టేవాడు. పందెం లేని ఆట ఉప్పు లేని కూడు అని ఆయన, దుడ్డు పెట్టి ఆడేది ఈ గడప లోపల కుదరదని అమ్మ. మరి దేనితో ఆడాలి? ఆ చిక్కు విప్పబోయి నేనే బిళ్ళలు చేస్తానన్నాను.

నల్లరేగడిని మా ఇళ్ళలో కరిసల మన్ను అంటాము. ఎట్టయాపురం దారిలో మాకున్న కొంచెం చేను నుంచి తమ్ముడు గంపతో తెచ్చాడు. నీళ్ళు పోసి గట్టి ముద్దగా పిసికి, పలకగా తట్టి, తైలం సీసా మూతతో గుండ్రంగా కోసి, మిద్దె మీద ఎండబెట్టాను. కరిసల మన్ను గుణం తెలిసినవాళ్ళకు చెప్పనక్కరలేదు. సాయంత్రానికి ప్రతి బిళ్ళా ఎండాకాలపు చేనులాగా పర్రెలు విచ్చింది. పొయ్యిలో కాలిస్తే గట్టిపడతాయేమోనని కాలిస్తే, వేరుసెనగ కాయల్లాగా టపటపా పేలి అమ్మ పులుసులో పడ్డాయి. ఆమె ఆ పూట నాతో మాట్లాడలేదు.

నాకు పట్టుదల ఎక్కువ. ఏ పాళ్ళలో ఏది కలిపానో డైరీలో రాసుకుంటూ, చింతగింజల జిగురు కలిపి చూశాను, బూడిద కలిపి చూశాను. చివరికి నాయిన పాత చొక్కాల మడతల్లో చిక్కుకుని ఉన్న పత్తి పీచు కంటబడింది. మిల్లులో పనిచేసేవాళ్ళ ఇళ్ళలో ఆ పీచు లేని చోటు ఉండదు. అన్నంలో కూడా వచ్చేది. అది దులిపి మట్టిలో కలిపి పిసికితే, ఒక్క బిళ్ళ కూడా పగల్లేదు. కొన్నిటికి సున్నం, కొన్నిటికి కావి పూశాను, కొన్నిటిని నల్లగానే వదిలాను. నాయిన ఒకటి తీసుకుని చెవి దగ్గర గోటితో కొట్టి విని, "పచ్చివే అయినా గట్టిగుండాయి. ఇవి మనకంటే ఎక్కువ కాలం ఉంటాయి పాపా" అన్నాడు. ఎంత పొంగిపోయానో.

ఆ పొంగు ఎన్నాళ్ళో లేదు. విరుదునగరులో టీచరు ట్రైనింగుకు నాకు సీటు వచ్చింది. చేరకపోతే ఇంకొకరికి పోతుంది. నాయినను అడిగితే కాదనలేదు, కోప్పడలేదు. "పోదువులే. ఈ ఆట ముగియనీ" అన్నాడు.

బిళ్ళలన్నీ ఒక్కరి దగ్గరికి చేరితే ఆట ముగిసినట్టు. సాయంత్రం ఎవరి దగ్గర ఎన్ని మిగిలాయో నా డైరీలో రాసి, అన్నీ ఒక తపేలాలో పోసి, మరునాడు అక్కడి నుంచే ఆడేవాళ్ళం. త్వరగా ముగియాలని నేను చేతికొచ్చిన మంచి ముక్కల్ని కావాలని పారవేసి ఓడిపోవాలని చూసేదాన్ని. కాని నా దగ్గర బిళ్ళలు అడుగంటే సమయానికి, నాకు కావలసిన ముక్క నాయిన చేతి నుంచి వచ్చి పడేది. అమ్మ ఓడిపోవచ్చినా అంతే, తమ్ముడైనా అంతే. అంత తెలివిగా ఆడే మనిషి గెలవడానికి కాదు, ఆట తెగిపోకుండా ఉండడానికి ఆడుతున్నాడని కొంచెం ఆలస్యంగా గ్రహించాను. పగిలే బిళ్ళలైనా చేసి ఉంటే రోజుకు కొన్ని తగ్గి ఉండేవి. పగలని బిళ్ళలు చేసుకుని వాటి మధ్య కూర్చున్నాను.

చేరవలసిన రోజుకు ముందటి సాయంత్రం కూడా ఆడాము. అమ్మ ముక్కలు వేస్తూ నా ముఖం చూసేది, నాయిన ముఖం చూసేది. "పొద్దుపోయింది, మిగతాది రేపు" అని నాయిన బిళ్ళల తపేలా ఎప్పటిలాగే తన మంచం పక్కకు లాక్కున్నాడు. నా సంగతి ఎవరూ ఎత్తలేదు.

పొద్దున నేను లేచి చూసేసరికి ఆ తపేలాలో నల్లని బురద ఉంది. పైన పత్తి పీచు తేలుతున్నది. పక్కన నీళ్ళ చెంబు ఖాళీగా పడి ఉంది.

"దాహమేసి చెంబు తీస్తే ఒలికిపాయె" అన్నాడు నాయిన, గోడ వైపు తిరిగి. "కాల్చని మన్ను కదా, కరిగిపాయె. ఇంక ఆడేదానికి ఏముంది? ఇంట్లో కూర్చుని ఏం చేస్తావు, మొదటి బస్సుకు పో."

ఒలికిన నీళ్ళకు బిళ్ళలు మెత్తబడతాయేమో కాని, అంత మెత్తని ముద్ద కావు. ఆయన రెండు చేతులూ మణికట్టు దాకా నల్లగా ఉన్నాయి, గోళ్ళ నిండా మన్ను. అమ్మ చెంబు నింపుకొచ్చి ఆ చేతులు కడిగింది. నేను పెట్టె సర్దుకున్నాను. ఆ బస్సులో ఎక్కిన దాన్ని ఈ విరుదునగరులోనే టీచరునై, హెడ్‌మిస్ట్రెస్‌నై, రిటైరయ్యాను. సెలవులకు ఇంటికి పోయినప్పుడల్లా మళ్ళీ బిళ్ళలు చెయ్యనా అని అడిగేదాన్ని. "వద్దులే, ఆ పీచు యాడ దొరుకుతుంది ఇప్పుడు" అనేవాడు.

ఇదంతా తలుచుకుంటూనే ఆ ఆదివారం ఆడాను. ఆట చివర్లో తమ్ముడి కూతురి దగ్గర బిళ్ళలు అయిపోవచ్చాయి. ఆమెకు కావలసిన ముక్క నా చేతిలో ఉంది. ఆలోచించకుండానే దాన్ని తీసి కింద వేశాను. వేశాక నా చెయ్యి నాకే కొత్తగా కనబడింది. ఆమె ఆ ముక్క తీసుకుని, బిళ్ళలు దగ్గరికి లాక్కుని, "రేపు ఆడుదాం అత్తా" అంది.

అందుకే కలం ఆగింది.

మరునాడు పొద్దున, అల్లుడు మా ఇంట్లోనే వదిలిపోయిన పెట్టెలోంచి నల్లబిళ్ళ ఒకటి తీసి చెంబు నీళ్ళలో వేశాను. కాఫీ తాగి, పేపరు చదివి వచ్చి చూస్తే కడిగిన గిన్నెలాగా తళతళలాడుతున్నది. ఈ కాలపు వస్తువులన్నీ ఇంతే. రంగు పోదు, అంచు అరగదు, నీళ్ళకు కరగదు. మా నాయినకు ఒక చెంబు నీళ్ళు చాలాయి, ఒక్క మాటైనా చెప్పకుండా నన్ను పంపించేశాడు. మాకిప్పుడు ఆ వసతి లేదు. నోరు తెరిచి చెప్పాల్సిందే.

బ్యాంకుకు పోతూ తమ్ముడి కూతురు ఎప్పటిలాగే కిటికీ దగ్గర ఆగింది. "కోయంబత్తూరుకు సరేనని ఈరోజే రాసెయ్యి పాపా" అన్నాను. ఆమె కిటికీ ఊచ పట్టుకుని, "మరి సాయంత్రం ఆట?" అంది.

"ముగిసింది" అన్నాను.