కట్ట కింద ఎకరం

కారంపూడి దాటాక మెట్టపొలాల నడుమ ఓ చెరువుంది. ఆ చెరువు కట్టకు ఆనుకుని కరుణమ్మకు ఎకరం చేను ఉండేది. పెళ్లయిన కొత్తలో భర్త బెంజిమిన్, తనూ రాళ్లేరి, తుమ్మకంప నరికి సాగులోకి తెచ్చుకున్న బంజరు అది. పిల్లల్లేరు. ఆ చేను, ఒక గేదె, అదే సంసారం.

మొన్నటి ఏడాది వానలు దంచికొట్టి చెరువు నిండింది. కట్ట మొదట్లో, వాళ్ల గట్టు పక్కనే ఊట పుట్టింది. తేటనీళ్లు చేలోకి పారుతుంటే కరుణమ్మ సంబరపడింది. కొన్నాళ్లకు ఆ ఊట బుడబుడలాడుతూ సన్న ఇసుకను పైకి తోయసాగింది. బెంజిమిన్ దాన్ని దోసిట్లోకి తీసుకుని చూశాడు.

"ఇది మన చేలో ఇసుక కాదే. కట్ట కిందనుంచి వస్తంది."

కబురందుకుని ఇంజనీరు అమర్నాథ్ వచ్చాడు. కట్ట అడుగున మట్టి కొట్టుకుపోయి బుంగ పడుతోందన్నాడు. వెంటనే తూమెత్తి చెరువు తగ్గించాలన్నాడు. ఊట మీద ఇసుక, కంకర పరిస్తే నీళ్లు పోతాయి, మట్టి నిలుస్తుంది అన్నాడు.

చెరువు కింద మాగాణంతా తనదే అయిన చెన్నకేశవరావు ఒప్పుకోలేదు. "నీళ్లొదిలేస్తే మా వరి ఏం గావాలయ్యా? నల్లమట్టి పోసి తొక్కించు, అదే ఆగిద్ది."

ఆయన ఎవరికో ఫోన్ కలిపి ఇంజనీరు చేతికిచ్చాడు. "సరే సార్" అని అమర్నాథ్ తలొంచుకున్నాడు. ట్రాక్టర్లతో మట్టి పోశారు. ఊట ఆగింది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

దారి మూసుకుపోయిన నీళ్లు కట్ట కిందే మరో దారి వెతుక్కున్నాయి. ఆదివారం ప్రార్థన అయ్యాక బెంజిమిన్ గేదెను విప్పుకొద్దామని చేనికెళ్లాడు. వెనకే నడుస్తున్న కరుణమ్మ కళ్లముందే కట్ట నడిమికి కుంగింది.

"ఏమయ్యో, ఇవతలికి రా!"

ఆ కేక గండి హోరులో కలిసిపోయింది. నీళ్లు తీశాక గేదె తుమ్మల్లో దొరికింది. బెంజిమిన్‌ను చొక్కాను బట్టి గుర్తుపట్టారు.

పెద్దవానకు గండి పడిందని పైకి రాసి పంపారు. ఆ వారమంతా చినుకు పడలేదు.

కట్ట మళ్లీ లేచింది. ఈసారి అమర్నాథ్ మొదట చెప్పినట్టే అడుగున ఇసుక, కంకర పరిచి, వెడల్పు చేసి కట్టారు. ఆ వెడల్పు కింద కరుణమ్మ ఎకరం మొత్తం పోయింది. పట్టా లేని భూమికి పరిహారం ఉండదన్నారు.

చెరువు నిండింది. నాట్లకు కూలీలు చాలక చెన్నకేశవరావే ఆమె గుమ్మంలోకి వచ్చాడు.

"ఏమ్మా కరుణమ్మా, నాట్లకి రారాదా? ఎన్నాళ్లు కూర్చున్నా పోయినోళ్లు తిరిగొస్తారా?"

"తిరిగిరార్లే అయ్యా. మీ వరి మాత్రం ఏటా వచ్చిద్ది."

ఆయన విననట్టే వెళ్లిపోయాడు. తెల్లారి కరుణమ్మ చీర ఎగదోపుకుని ఆయన మడిలోకే దిగింది. ఇంట్లో గింజల్లేవు.