మెర్విన్ బావ పిక్క మీద మచ్చ

మా బావ మెర్విన్ వట్టి మొండిఘటం. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో మా చుట్టుపక్కల తెల్లమొహం ఆవుల్ని పెంచేవాళ్ళందరిలోనూ ఆయనదే పెద్ద నోరు. కొన్నేళ్ళ కిందట ఆయన భుజం మీద మెలనోమా లేచింది. చర్మ క్యాన్సర్లలో ప్రాణం తీసే రకం అది. దాన్ని కోసి తీసేశాక, రోజూ అద్దం ముందు నిలబడి ఆ కుట్ల మచ్చ ఒక్కటే చూసుకునేవాడు. మళ్ళీ వస్తే అక్కడే వస్తుందని ఆయన నమ్మకం. డాక్టరమ్మ రమ్మన్నా వెళ్ళడం మానేశాడు. టోపీ పెట్టేవాడు, పొడుగుచేతుల చొక్కా తొడిగేవాడు, కింద మాత్రం ఎప్పుడూ పొట్టి నిక్కరే.

ఆ రోజు దొడ్లో ఆవుల్ని ఒక్కొక్కటిగా ఇనుప బోనులోకి తోలుతున్నాం. ఎండకి ఈ జాతి ఆవుల కళ్ళలో క్యాన్సర్ పుండ్లు లేస్తాయి. ఒకదాని ఎడమకంట్లో పుండు కనబడగానే బావ దాని మెడ తిప్పి కుడికంటి రెప్ప కూడా ఎత్తి చూశాడు. గేటు దగ్గర నిలబడ్డ మా అక్క నోరీన్ చూపు ఆయన కాలి మీద ఆగింది.

"పుండు ఆ కంట్లో ఉంటే ఈ కన్నెందుకయ్యా చూస్తున్నావు?"

"పిచ్చిదానా, రెండు కళ్ళూ ఒకే ఎండలో మాడాయి కదే!"

"మరి నీ ఒంట్లో భుజం ఒక్కటే మాడిందా? ఆ పిక్క చూసుకో ఒకసారి."

మోకాలి కింద, వెనకవైపు, వంకర అంచులతో నల్లటి మచ్చ.

"పేడ అంటుకుందిలే," అంటూ తడిగుడ్డతో తుడిచాడు. పోలేదు. గట్టిగా రుద్దాడు. అయినా పోలేదు.

డాక్టరమ్మ దాన్ని కోసి పరీక్షకి పంపింది. పాతదే ఒళ్ళంతా పాకిందేమోనని ముగ్గురికీ భయం. ఇన్నాళ్ళూ చూపించుకోనందుకు నాకు ఆయన మీద ఒళ్ళు మండిపోయింది కూడా. ఫలితం వచ్చిందని కబురు రాగానే నేనే ఇద్దర్నీ కారులో తీసుకెళ్ళాను.

"పాతది పాకలేదు," అంది డాక్టరమ్మ. "ఇది వేరే, కొత్తది. ఒకసారి వచ్చినవాళ్ళకి ఒంటి మీద ఇంకోచోట కొత్తది పుట్టే ప్రమాదం ఎక్కువ. అదృష్టం, లోతుకి దిగలేదు. చుట్టూ ఇంకాస్త కోసేస్తాం."

"దాంతో పీడ వదిలినట్టేనా?" అన్నాడు బావ.

"లేదు. మూడోది కూడా రావచ్చు. బతికినంత కాలం ఒళ్ళంతా చూపించుకుంటూనే ఉండాలి."

అక్క మొహం పాలిపోయింది. బావ ఆమె వైపు తిరిగాడు.

"విన్నావా నోరీన్? బతికినంత కాలం అన్నారు. అంటే ఇప్పుడే పోను."

కరువులో ఆవుల మందనంతా అమ్మేసిన రోజు కూడా కంటతడి పెట్టని మనిషి, అక్క భుజం మీద తల వాల్చి వెక్కి వెక్కి ఏడ్చాడు.