బండ మీద ఏడు గ్లాసులు

తొమ్మిదేళ్ళుగా ఒక సంగతి కడుపులో పెట్టుకుని తిరుగుతున్నాను. మా ఇంటావిడకు చెప్పలేదు. నాతో కలిసి పనిచేసిన వాళ్ళెవరికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే నోరు విప్పగలుగుతున్నాను. దొంగతనం కాదు, కొట్లాట కాదు. చూడబోతే ఒక ఆట. సీసా మూతను గ్లాసులోకి విసిరే తాగుడు ఆట. అంత చిన్న ఆటతో ఒక మనిషి పని ఊడగొట్టవచ్చని ఆ రోజు నాకు తెలుసా, తెలియదా? ఇన్నేళ్ళూ ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతున్నాను.

ముందు మా పని సంగతి చెప్పాలి. బొల్లాపల్లి వైపు ఒక ఆసామికి పందెపు గిత్తల జత ఉండేది. తిరునాళ్ళలో బండలాగుడు పోటీలు మీరు చూసే ఉంటారు. గిత్తలను కాడికి కట్టి, గొలుసుతో రాతిబండ తగిలించి, ఇచ్చిన నిమిషాల్లో ఎంత దూరం లాగాయో కొలుస్తారు. ఆ జతను తోలేది కోటయ్య బాబాయ్. ఆయన అసలు పేరు అది కాదు. నాకు చుట్టమూ కాదు, వయసును బట్టి బాబాయ్ అనేవాణ్ణి. నేను ఆయన పక్కన రెండో మనిషిని. గొలుసు తగిలించడం, మలుపు దగ్గర కాడి పట్టుకోవడం, దాణా పెట్టడం నా పని. ముప్పై మూడేళ్ళు వచ్చినా, ఎనిమిదేళ్ళు అదే కొట్టంలో చేసినా, ఇంకా రెండో మనిషినే.

బాబాయ్ చేతిలో చర్నాకోల ఉండేది గానీ దెబ్బ పడేది కాదు. ఆయన గొంతుతో తోలేవాడు. "హయ్ నాన్నా" అని సాగదీసి ఒక్క కేక వేసేవాడు, అంతే. గిత్తలు రెండూ మెడలు దించి ముందుకు ఒరిగేవి. చూస్తుంటే ముచ్చటేసేది. ఆ వెంటనే ఒళ్ళు మండేది. ఈయన లేకపోతే ఇవి నా మాట వింటాయా? మొదట్లో సరదాగానే అనుకున్నాను. తర్వాత అన్నం తింటున్నా, దాణా కలుపుతున్నా అదే ఆలోచన. ఆయన మీద నాకు కోపం ఉందా? లేదు. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, నాకు పని నేర్పింది ఆయనే. నాకున్నది ఒక్కటే, తెలుసుకోవాలన్న దురద. కానీ ఆయన పక్కన ఉన్నంతకాలం అది తెలిసే దారి లేదు.

ఆ జతలో ఎడమ పక్కన కట్టే గిత్త మహా పెంకిది. దానికి మందు వాసన గిట్టదు. తాగినవాడు దగ్గరికొస్తే బుసకొట్టి, మెడ విదిలించి, కాడి కిందికి రాకుండా మొరాయించేది. అందుకని పోటీకి ముందు రోజు తోలేవాళ్ళు చుక్క ముట్టకూడదని ఆసామి గట్టిగా చెప్పేవాడు. బాబాయ్ ఆ మాట ఎన్నడూ దాటలేదు.

మాచర్ల వైపు ఒక ఊళ్ళో పోటీ అనగా ముందు రోజు, ఉదయం సాధన అయిపోయింది. పోటీలో జత పేరు రాయించడానికి ఆసామి ముందే వెళ్ళాడు. భోజనాలయ్యాక పొలంలో ఏడుగురం మిగిలాం. మా లారీ డ్రైవరు శీను ఎక్కడో ఫోనులో చూసి ఈ ఆట నేర్చుకొచ్చాడు. సాధన చేసే బండ అక్కడే ఉంది. దాని మీద ఏడు స్టీలు గ్లాసులు పెట్టాం, మనిషికొకటి, రెండు వేళ్ళ మందం బ్రాందీ, మిగతా నీళ్ళు. ఆరడుగుల దూరం నుంచి ఒకరి పేరు చెప్పి మూత విసరాలి. ఎవరి గ్లాసులో పడితే వాళ్ళు తాగి మళ్ళీ నింపాలి. ఎందులోనూ పడకపోతే విసిరినవాడే తాగాలి.

బాబాయ్ వద్దన్నాడు. "రేపు ఎడ్ల దగ్గరికి పోవాల, నన్నొదిలెయ్యండిరా" అన్నాడు. నేనే బతిమాలాను. "గ్లాసు పెట్టు బాబాయ్, పడితే గదా తాగేది" అన్నాను. ఏడు గ్లాసుల్లో తనదే దొరుకుతుందా అనుకున్నాడేమో, నలుగురిలో బిగుసుకుని కూర్చోవడం ఎందుకనుకున్నాడేమో, సరేనన్నాడు. ఆయన గ్లాసు నేనే పెట్టాను. లాగి లాగి ఆ బండ ఒక వైపు అరిగి, కాస్త వాలుగా ఉండేది. ఆ వాలు అంచున పెట్టాను. మధ్యలో తగిలి ఎగిరిన మూత కూడా అటే పోతుంది.

ఈ ఆటలో అందరూ చేసే పొరపాటు ఒకటుంది. గ్లాసును చూస్తారు, మనిషిని చూడరు. దగ్గరున్న గ్లాసు మీదికో, కిందటిసారి తమ చేత తాగించినవాడి గ్లాసు మీదికో విసురుతారు. పగ పట్టేవాణ్ణి ఎంచుకుంటే వాడు తిరిగి మన మీదికే విసురుతాడు, కాసేపటికి ఇద్దరూ బోర్లా పడతారు. గొప్పలు పోయేవాణ్ణి ఎంచుకోవడం దండగ, వాడు ఎలాగూ అడిగి మరీ తాగుతాడు. అన్నిటికంటే ముందు, గురి బాగున్నవాడి చేత తాగించాలి. వాడి చెయ్యి పట్టు తప్పితే మన గ్లాసు జోలికి రాలేడు. అందుకే మొదటి రెండు మూతలూ శీను గ్లాసులో వేశాను. ఆ తర్వాతే అసలు మనిషి. తిరిగి కొట్టనివాడు. బాబాయ్ తన వంతు వచ్చినప్పుడు ఎవరో ఒకరి పేరు చెప్పి, నవ్వుతూ గ్లాసుల మధ్యలోకి విసిరేసేవాడు. ఎవరి మీదా కసి లేని మనిషి కంటే సులువైన గురి ఇంకొకటి లేదు.

ఇంకా ఉన్నాయి మెళకువలు. అసలు మనిషి గ్లాసులో వరసగా రెండుసార్లు వేయకూడదు, మధ్యలో ఒకటి వేరేవాళ్ళకు పడాలి. ఏ గ్లాసు కావాలో దానివైపు చూడకూడదు. పేరు ఒకరిది చెప్పి మూత ఇంకొకరి గ్లాసులో వేయాలి. నేను "శీనుగాడికి!" అని అరిచి బాబాయ్ గ్లాసులో వేస్తే, నా గురి తప్పిందని అందరూ ఘొల్లున నవ్వారు. బాబాయ్ కూడా నవ్వాడు. ఇదంతా ఇప్పటికీ ఎంత హుషారుగా రాస్తున్నానో గమనించారా? నేను గమనించాను. ఇంత జరిగాక కూడా ఆ నేర్పు గురించి చెప్పేటప్పుడు నాకు లోపల కాస్త గర్వంగానే ఉంటోంది. ఇదేం బుద్ధో నాకు అర్థం కాదు.

ఆ మధ్యాహ్నం బాబాయ్ గ్లాసులో నాలుగుసార్లు మూత వేశాను. ఐదోది ఆయనే పోసుకున్నాడు. ఆరోది కూడా. చాలాకాలం ఆ రెండు గ్లాసుల చాటున దాక్కున్నాను. నేను నాలుగే వేశాను గదా, మిగతావి ఆయన ఇష్టం గదా అని. కానీ ఇంకొక సంగతి ఉంది. నా గ్లాసులో ఒకసారి మూత పడింది. ఎత్తి నోటి దాకా తెచ్చి, తువ్వాలుతో మూతి తుడుచుకుంటున్నట్టు నటిస్తూ బండ వెనక పారబోశాను. ఎందుకు పారబోశాను? ఏం జరగబోతోందో తెలియనివాడు ఆ పని చేస్తాడా? రేపు గిత్త పక్కన వాసన లేకుండా నిలబడేవాడు ఒకడు కావాలని నాకు తెలుసు. వాడు నేనే కావాలని కూడా తెలుసు. మొదట అడిగిన ప్రశ్నకు జవాబు ఇదే అనుకుంటాను.

మర్నాడు పొద్దున బాబాయ్ రెండుసార్లు స్నానం చేశాడు. యూకలిప్టస్ ఆకు నమిలాడు. లారీలో గిత్తల దగ్గర కాకుండా ముందు కూర్చున్నాడు. బరిలో కాడి కట్టే వేళకు మాత్రం దగ్గరికి రాక తప్పలేదు. ఎడమ గిత్త ఒక్కసారి ముట్టె పైకెత్తి, బుసకొట్టి, పలుపు తెంచుకునేంత పని చేసింది. ఆసామికి చెప్పనక్కర్లేకపోయింది. అంతమందిలో బాబాయ్ చేతిలోని చర్నాకోల లాక్కుని నా చేతిలో పెట్టాడు. బాబాయ్ తలెత్తలేదు, బరి చుట్టూ కట్టిన తాడు దాటి బయటికి వెళ్ళి నిలబడ్డాడు.

గిత్తలు నాతో కదిలాయి. మొదటి పట్టు బాగానే లాగాయి. వింటున్నాయి, నా మాట వింటున్నాయి అనుకున్నాను. రెండో మలుపు దగ్గర నిలబడిపోయాయి. అరిచాను, అదిలించాను, చర్నాకోల ఝళిపించాను. కదలవు. అప్పుడు జనం కేకల్లోంచి ఒక సాగదీసిన కేక వినిపించింది. "హయ్ నాన్నా." గిత్తలు రెండూ మెడలు దించాయి. బండ కదిలింది. ఆ తర్వాత చివరిదాకా ఆ గొంతు తాడు వెంబడే మాతో నడిచింది. రెండో స్థానం వచ్చింది. ఆసామి నన్ను కావలించుకున్నాడు. ఆ గొంతు ఎవరిదో ఆ గోలలో ఎవరూ పట్టించుకోలేదు. నేనూ చెప్పలేదు.

ఆ సాయంత్రమే బాబాయ్‌ని కొట్టం గుమ్మం తొక్కొద్దన్నాడు ఆసామి. తాగి బరిలోకొచ్చినవాడన్న పేరు పడ్డాక ఇంకే ఆసామీ ఆయన్ని పిలవలేదు. ఇంకో రెండు నెలలకు ఆ జతను కృష్ణ అవతలివాళ్ళకు అమ్మేశారు. వేరే గిత్తలొచ్చాయి, ఆరేళ్ళు నేనే తోలాను, మోకాలు దెబ్బతిని మానేశాను. ఆ జత మాత్రం నాకు మళ్ళీ దొరకలేదు. ఏది తెలుసుకోవాలని ఇంత పని చేశానో అది తెలియనే లేదు. ఆ రోజు ఆయన కేక వేయకపోతే అవి నాకోసం కదిలేవా? మీరు నవ్వుకోవచ్చు. నాకు ఇప్పటికీ తెలుసుకోవాలనే ఉంది.

బాబాయ్ ఇప్పుడు నరసరావుపేట రోడ్డులో ఒక కోల్డ్ స్టోరేజీ గేటు దగ్గర పగటి వాచ్‌మన్. పోయిన నెల మిరప బస్తాలు పెట్టడానికి వెళ్ళాను. సిమెంటు అరుగు మీద ఏడు టీ కప్పులు పెట్టి, దూరం నుంచి సోడా మూత విసురుతూ కనిపించాడు. నన్ను చూసి సంబరపడ్డాడు.

"రారా, సమయానికొచ్చావు."

"ఏంది బాబాయ్ ఇది?"

"పరీక్ష చేస్తన్నా. ఆ రోజు నా గ్లాసులో నాలుగు పడ్డయ్యి గదా? నాలుగూ నువ్వేసినయ్యే. నేను పొద్దున్నుంచి నలభై ఏశా. ఆ చివరి కప్పులో ఒక్కటే పడింది. నీకు నాలుగెట్టా పడ్డయ్యిరా?"

"ఏమో బాబాయ్."

"నీది చానా చెడ్డ గురి. ఒకళ్ళ పేరు చెప్పి ఇంకొకళ్ళకేసేవాడివి." మూత నా చేతిలో పెట్టాడు. "ఏదీ, ఇప్పుడొకటెయ్యి. చివరి కప్పుకి. నాకు తెలుసుకోవాలనుందిరా, అంతే."

ఆరడుగులు. నా చేతికి ఆ దూరం కళ్ళు మూసుకున్నా తెలుసు. విసిరాను. మూత అరుగుకు తగిలి లారీ చక్రాల కిందికి దొర్లిపోయింది. అదెటు పోయిందో బాబాయ్ చూడలేదు. నా చేతినే చూస్తున్నాడు. "పోన్లే, నా తలరాత అంతే" అని కప్పులన్నీ ఒకదాంట్లో ఒకటి పెట్టేశాడు. నమ్మాడా? నమ్మినట్టు నటించాడా? బస్తాలు దించే నెపంతో తేలు కుట్టిన దొంగలా అక్కణ్ణుంచి జారుకున్నాను.

ఆయన నన్ను పని తిరిగి ఇప్పించమనలేదు. నా చేత క్షమించమని అడిగించుకోవాలనీ చూడలేదు. తనను ముంచింది రాతా, మనిషా అన్నది ఒక్కటే అడిగాడు. తొమ్మిదేళ్ళ తర్వాత, నా ముఖం మీదే అడిగాడు. నేను మళ్ళీ రాత మీదికే నెట్టాను. మొదటి తప్పుకు కనీసం దురద అని పేరు పెట్టుకున్నాను. దీనికి ఏ పేరూ దొరకడం లేదు. పిరికితనం అంటే సరిపోతుందేమో.

తెలియాల్సిన మనిషికి ఇంకా తెలియదు. వెళ్ళి చెబుతానని మీకు మాటివ్వను, నిలబెట్టుకుంటానో లేదో నాకే నమ్మకం లేదు. అయినా ఈ నాలుగు ముక్కలు కాగితం మీద పెట్టినందుకు ఇవాళ కాస్త ఊపిరాడుతోంది. కోటయ్య బాబాయ్ తలరాత కాదు. ఆ నాలుగు మూతలూ నేను గురి చూసి వేసినవే. మొన్నటిది గురి చూసి తప్పించాను.