పారేసిన అంబలి కుండ

నా భార్య పోయాక మా నాలుగేళ్ల పాప తిండి మానేసింది. పంతొమ్మిది వందల యాభైల మొదటి రోజులవి. హుకుంపేట సంతవీధిలో మాకు చిన్న బట్టల కొట్టుండేది. పక్క కొట్టులో కొండల దిగువ పట్నాల నుంచి వచ్చిన బిస్కెట్లు, డబ్బా పాలపొడి దొరికేవి. అవే తెచ్చి పాప ముందు పెట్టేవాణ్ణి. బిస్కెట్టు అంచు నాకి పక్కన పెట్టేసేది. పాలు వాసన చూసి మొహం తిప్పుకునేది. "అంబలి" అనేది. చేతులు పుల్లల్లా అయిపోయాయి.

దుఃఖం గురించి పుస్తకాల్లో చాలా చదివాను. వాటిలో వంటింటి సంగతి లేదు. నా భార్య రోజూ చోడి అంబలి, అంటే రాగి అంబలి, కాచేది. తాగేవాణ్ణే గాని, ఎలా కాస్తుందో ఒక్కనాడూ చూడలేదు.

కొత్త కుండ కొన్నాను. చోడిపిండి నీళ్లలో కలిపి, గుప్పెడు నూక వేసి, ఉండ కట్టకుండా ఉడికించాను. పాప ఒక్క గుక్క తాగి ఉమ్మేసింది. మర్నాడూ అంతే.

సంతరోజున, కొండమీది ఊరి నుంచి అడ్డాకులు తెచ్చే ముసలామె మా అరుగు మీద కూర్చుంది. నా భార్యకు అంబలి నేర్పింది ఆమే. నేను కాచింది రుచి చూసి నవ్వింది.

"ఏటి బాబూ ఇది? గోడకి పూత్తావేటి?"

"అన్నీ సరిగ్గానే వేశానే."

"పులుపేదీ? ఆయమ్మ కుండేదీ?"

పదకొండో రోజున, మైల అని మా చుట్టాలు మట్టికుండలన్నీ పారేయించారని చెప్పాను.

"మనిసి పోతే కుండేటి సేసింది బాబూ? పులుపంతా దాన్లోనే ఉంటాది. దాన్ని కడగరు."

రోజూ అడుగున కాస్త అంబలి మిగిల్చి, సాయంత్రం అందులోనే పిండి కలపాలట. తెల్లారేసరికి పులుస్తుంది. నా భార్య కుండలో మొట్టమొదట పోసిన అడుగు అంబలి ఈ ముసలామె ఇంటిదే.

"నా కుండుంది కదా. రేపు బేగి తెత్తాను. అందాకా ఆ బిస్కట్లెట్టి గుంటని సంపీకు."

అన్నట్టే మర్నాడు తన కుండలోని అడుగు అంబలి ఎండిన ఆనపబుర్రలో, అదే సొరకాయ బుర్రలో, పట్టుకొచ్చింది. ఆ సాయంత్రం పిండి నేనే కలిపాను. పొద్దున కాచి, చల్లార్చి, ఉప్పు వేసి ఇచ్చాను. పాప రెండు చేతులతో గిన్నె ఎత్తి సగం తాగి ఆగింది.

"అమ్మ ఇంకొంచెం ఉప్పేసేది."

ఉప్పు తెచ్చి వేశాను. మిగతాదీ తాగేసింది. కుండ అడుగున రెండు గరిటెల అంబలి ఉంచి మూత పెట్టాను.