పదకొండింటి అన్నం

నా భార్య సుగుణ అన్నం కంచం చూస్తేనే భయపడే రోజులొచ్చాయి. తిన్న గంటకల్లా ఛాతీలో మంట, పుల్లటి తేన్పులు. పడుకుంటే గొంతులోకి ఎగదన్నుతుందని గోడకు ఆనుకునే తెల్లవార్చేది. ఖమ్మం డాక్టరు గోళీలు వాడినన్నాళ్లు తగ్గేది, ఆపగానే మళ్లీ మొదలు. గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. నాకు భయమేస్తే కోపమొస్తుంది, ఆమెనే విసుక్కునేవాణ్ణి. భద్రాచలం అవతల అడవి అంచున ఒక ముసలి వైద్యుడున్నాడని నేను పనిచేసే మిర్చి యార్డులో విని, ఎనభైల నాటి ఒక ఎండాకాలం బయలుదేరాం.

అయిదున్నరకు ముదిగొండలో బస్సెక్కి, ఖమ్మంలో ఆరున్నరకు భద్రాచలం బస్సు పట్టుకున్నాం. వెనక సీటులోని బట్టల వ్యాపారి, "మా ఇంట్ల గిదే బీమారి. ధనియాలు నానేసిన నీళ్లతోటి తగ్గింది" అన్నాడు. కండక్టరు సోడా అన్నాడు, ఒక ముసలమ్మ దిష్టి అన్నది. రోగం పేరు చెబితే చాలు, బస్సంతా వైద్యులే! కొత్తగూడెంలో నేను ఇడ్లీ తిన్నాను. సుగుణ టీ కూడా వద్దన్నది.

పదిన్నరకు గోదావరి వంతెన దాటుతుంటే ఆమె చేతులు జోడించింది. అక్కడి నుంచి జీపు. దారంతా ఎండుతున్న ఇప్పపూల వాసన. పక్కన కోయ భాష మాట్లాడుతున్న ఒకామె, ఏమీ అడగకుండానే జరిగి సుగుణకు చోటిచ్చింది.

వైద్యుడు అరుగు మీద ఉసిరి ముక్కలు దంచుతున్నాడు. నాడి పట్టి, నాలుక చూసి, పొద్దున ఏం తింటావని అడిగాడు. చద్దన్నం, మిరపకాయ తొక్కు అని నేను చెప్పాను. మధ్యాహ్నం ఎన్నింటికంటే, టైముకే తింటుందని అదీ నేనే చెప్పాను.

"నీ నోరు ఈయన దగ్గర పెట్టొచ్చినవా బిడ్డా?" అన్నాడు ఆమెతో.

సుగుణ తల వంచుకుంది. "ఆయన యార్డు నుంచి వచ్చినంక తింట" అన్నది.

నేను ఇల్లు చేరేది మూడింటికి, ఒక్కోసారి నాలుగింటికి. పద్దెనిమిదేళ్ల కాపురంలో ఆమె చెప్పలేదు, నేను అడగలేదు. కాళ్లు కడుక్కునేసరికి కంచంలో వేడన్నం ఉండేది, అంతే. సిగ్గుతో చచ్చిపోయాను.

"సగం మందు నేనిస్త. కడమ సగం నీ చేతుల ఉన్నది. పదకొండింటికల్ల ఆమె తినాలె" అన్నాడు నాతో. ఉసిరి, ధనియాలు, అతిమధురం కలిపిన పొడి పొట్లం కట్టాడు. మూడు వారాల్లో తగ్గకపోయినా, రక్తం పడినా దవాఖానాకే పోవాలని గట్టిగా చెప్పాడు.

ఆ ఇంట్లో ఒక పద్ధతి. వెంట వచ్చినవాళ్లే రోగికి వడ్డించాలి, రోగి తిన్నాకే తాము తినాలి. మెత్తటి అన్నం, పెసరపప్పు, పల్చటి మజ్జిగ. నాకు వడ్డించడం చేతకాక సగం మజ్జిగ నేల మీదే పోశాను. సుగుణ నవ్వింది, ఆ వెంటనే కళ్లు తుడుచుకుంది. ఆమె చెయ్యి కడుక్కునేసరికి తిరుగు జీపు వచ్చింది, నేను తినకుండానే ఎక్కాను.

సాయంత్రం అయిదింటికి కొత్తగూడెంలో రెండిడ్లీలే దొరికాయి. ఆమె అలవాటుగా పొట్లం నాకందించింది.

"నువ్వు తిను సుగుణా. నేను చూస్త" అన్నాను.

రెండూ తిన్నది. కాసేపటికి నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది, ఎన్నాళ్లకో! ఏన్కూరు దాటాక నా కడుపులో మంట మొదలైంది. బస్సు ఆగినచోట దిగి ఏదైనా తినాలంటే ఆమెను లేపాలి. ఒక్క పూట తినకపోతేనే ఇంత మండుతుందా అనుకుంటూ, ఖమ్మం దాకా కదలకుండా కూర్చున్నాను.