నాగరిలో రాసుకున్న పఠనం

రాజన్న సరిహద్దు అవతల, మరాఠీ గడ్డ మీదున్న సాస్తి అనే ఊరి బొగ్గు గనిలో ఎలక్ట్రీషియన్. మంచిర్యాల దగ్గరి పల్లెలో, బాప్టిస్టు సంఘంలో పెరిగినవాడు. బైబిల్ చేతిలో లేకుండా ఆదివారం ఇల్లు కదిలేవాడు కాదు. పాస్టరు అధ్యాయం పేరు చెప్పగానే అందరికంటే ముందు ఆ పుట తీసేది అతనే.

గనికి దగ్గర్లోని తుకుంలో పుట్టి పెరిగిన గిరిజను చేసుకున్నాడు. ఆమె కేథలిక్కు. ఎవరి చర్చికి వాళ్లు వెళ్లాలని పెళ్లికి ముందే అనుకున్నారు. ఆమె చర్చిలో నెలకోసారి ఆదివారం సాయంత్రం జరిగే తెలుగు పూజకు మాత్రం ఆమెను బండి మీద తీసుకెళ్లి, వెనక బెంచీలో కూర్చునేవాడు. అక్కడ ఎవరి చేతిలోనూ బైబిల్ కనిపించేది కాదు. ఫాదర్ ప్రసంగం పది నిమిషాల్లో అయిపోయేది. వీళ్లకు వాక్యం మీద పట్టింపు లేదని తేల్చుకున్నాడు కాని, ఆ మాట భార్యతో అనలేదు.

పోయిన జనవరిలో, ఆ పూజలో బైబిల్ నుంచి మొదటి పఠనం చదివే వంతు గిరిజకు వచ్చింది. మరాఠీ బడిలో చదివిన ఆమెకు తెలుగు మాట్లాడటమే వచ్చు. ఏ ఆదివారం ఏ భాగమో ముందే నిర్ణయమై ఉంటుంది కనుక, వారం ముందే ఆ కాగితం తెచ్చింది. భర్త ఒక్కో వాక్యం చదువుతుంటే నాగరి అక్షరాల్లో రాసుకుంది. చెర నుంచి తిరిగొచ్చిన జనానికి ఎజ్రా ధర్మశాస్త్రం చదివి వినిపిస్తే వాళ్లు ఏడ్చిన ఘట్టమది. వంట చేస్తూ, బట్టలు ఆరేస్తూ ఆరు రోజులు అదే చదివింది.

"గింత కష్టమెందుకు? ఇంకొకల్లను చదవమనరాదు?" అన్నాడు రాజన్న.

"పూజకు వచ్చినోల్ల చేతుల పుస్తకం ఉండదు గదా. నేను మంచిగ చదివితేనే ఆల్లకు ఇనబడతది," అంది గిరిజ.

ఆదివారం ఆమె ఒక్కచోటే తడబడింది. తర్వాత బైబిల్లోంచే ఒక కీర్తన, ఒక లేఖ చదివారు. సువార్తకు అందరూ లేచి నిలబడ్డారు. తమ పాస్టరు రాయమల్లు ఒక్క వచనం మీద గంటసేపు చెప్పగలడు, అది మనసుకు పట్టేది కూడా. కాని ఎజ్రా ఘట్టాన్ని తమ సంఘంలో మొత్తంగా ఎప్పుడు విన్నాడో రాజన్నకు గుర్తు రాలేదు.

మరుసటి వారం, ప్రసంగానికి ముందు ఒక అధ్యాయం పూర్తిగా చదివించమని రాయమల్లును అడిగాడు. అర్థం చెప్పకుండా చదివితే ఏం లాభమన్నాడాయన.

"అర్థం మీరు చెప్పుండ్రి అయ్యగారూ. ముందుగల్ల ఒకసారి చెవుల పడనియ్యుండ్రి."

రాయమల్లు రెండు వారాలు ఆలోచించి, ఆ పని అతనికే అప్పగించాడు. వంశావళులు వచ్చినప్పుడు కొందరు గడియారం చూస్తారు. రాజన్న ఒక్క పేరూ వదలకుండా చదువుతాడు.

తెలుగు పూజకు ఇప్పటికీ వెళ్తాడు. దివ్యసత్ప్రసాదానికి, అంటే ఫాదర్ ఇచ్చే అప్పం తీసుకోవడానికి, అందరూ లేచినప్పుడు మాత్రం బెంచీలోనే ఉండిపోతాడు; కేథలిక్కులు కానివాళ్లకు అది ఇవ్వరు. దాని మీద ఇంట్లో ఒకసారి మాట్లాడుకున్నారు, ఎటూ తేలలేదు.