అల్లుడి ముందు చెప్పలేని మాట

కరోనా తెరిపిచ్చిన మరుసటి ఏడాది విశాఖ వన్ టౌన్‌లో ఒక చిన్న ఆసుపత్రిలో క్యాజువాలిటీ నర్సుగా ఉన్నాను. సెలవు రోజుల్లో గ్రంథాలయానికి పోయి, నిఘంటువు పక్కన పెట్టుకుని వైద్య పుస్తకాలు చదివేదాన్ని. ఆ గర్వం నాకిప్పటికీ ఉంది. లాక్టేట్ సంగతి అక్కడే నేర్చుకున్నాను. ఒంట్లో ఏ భాగానికైనా రక్తం అందకపోతే రక్తంలో పెరిగే పదార్థమది. పేగు మూసుకుపోయి చచ్చుబడుతుంటే పెరగొచ్చు. మొదట్లో పెరగకపోనూవచ్చు. ఈ రెండో ముక్క ఎవరికీ గుర్తుండదు.

ఆ మధ్యాహ్నం చేపలమ్మే నూకాలమ్మను అల్లుడు ఎల్లాజీ ఆటోలో తెచ్చాడు. పొట్ట ఉబ్బిపోయి ఉంది, పచ్చటి వాంతులు. పొట్ట మీద పాత ఆపరేషన్ మచ్చ. అలాంటివాళ్లకి లోపల పేగులు అతుక్కుని దారి మూసుకుపోయే ప్రమాదం ఎక్కువ.

"గాలి పోతోందా అమ్మా?" అని డాక్టరుగారు అడిగారు. పేగు పూర్తిగా మూసుకుపోతే కింది నుంచి గాలి పోదు.

ఆవిడ అల్లుడి వైపు చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "పోతంది బాబూ."

రక్త పరీక్షలో లాక్టేట్ మామూలుగానే ఉంది. అయినా డాక్టరుగారు సీటీ స్కాన్ రాశారు. అది వేరేచోట తీయించాలి. ఎల్లాజీ ఫోన్‌లో ఏదో వీడియో పెట్టి నా మొహం ముందుకు తెచ్చాడు.

"పేగు మూసుకుపోతే రగతంలోనే తెలిసిపోద్దని ఇందులో సెప్తన్నాడు సిస్టరమ్మా. రిపోర్టు బాగుంది గదా, మళ్లీ స్కానేటి? గ్యాసే. సోడా తాగితే దిగిపోద్ది."

"ఆ ఫోన్లోవాడికి మీ అత్త పొట్ట కనిపిస్తోందా?"

"కోప్పడతావేటమ్మా!"

కోప్పడక? అతన్ని బయటికి పంపి కర్టెన్ లాగాను. "ఇప్పుడు నిజం చెప్పమ్మా. గాలి పోయిందా?"

"నిన్న పొద్దుట్నుంచీ నేదు."

"మరి ఇందాక పోతోందన్నావు!"

"అల్లుడెదర ఏటి సెప్పమంతావు? సిగ్గు నేదా నాకు?"

"సిగ్గుకోసం చచ్చిపోతావా?"

"నాను సచ్చిపోతే సేపలు నువ్వమ్ముతావేటి?" అంత నొప్పిలోనూ కసిరింది.

సంగతి చెప్పగానే డాక్టరుగారు ఎల్లాజీని పిలిచారు. "రక్తంలో తేడా కనపడేదాకా ఆగితే అప్పటికి పేగు కుళ్లిపోవచ్చు" అన్నారు. అప్పటికిగాని అతను కదల్లేదు. స్కాన్‌లో పేగు మూసుకుపోయినట్టు తేలింది. ఆ సాయంత్రమే ఆపరేషన్ చేశారు. పేగు ఇంకా బతికే ఉంది, కోయాల్సిన అవసరం రాలేదు.

లాక్టేట్‌కి సిగ్గుండదు, నిజమే. తొందరా ఉండదు. ముందుగా చెప్పాల్సింది మనిషే. చెప్పుకునే చాటు మనం ఇవ్వాలి.

ఆపరేషన్ తర్వాత తిండి మొదలుపెట్టే ముందు డాక్టరుగారు మంచం దగ్గరికొచ్చి, అల్లుడి ముందే మళ్లీ అడిగారు: "గాలి పోతోందా అమ్మా?" నూకాలమ్మ చెయ్యి కొంగు మీదకి వెళ్లింది. నేను తల కొట్టుకున్నాను.

ఎల్లాజీ లేచాడు. "నాను బయటుంతాను అత్తా," అని కర్టెన్ తనే లాగి వెళ్లాడు.